పల్లె కౌంటీలో ఆదాయం పెరిగిందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కానీ జనాభాలో పోలికే ఉండదు. దక్షిణ డకోటాలోని ఓగ్లాలా లకోటా కౌంటీలో 2020 జనగణన నాటికి ఉన్నది 13 వేల పైచిలుకు మంది. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలోనైతే 64 మందే. ఇలాంటి చోట్ల మీడియన్ కుటుంబ ఆదాయం, అంటే సగం ఇళ్లు పైన, సగం ఇళ్లు కింద ఉండే అంకె, ఏళ్ల తరబడి ఎలా మారిందో లెక్కగట్టడం నా పని. ఊరికి మంచినీటి పైపులైను కోసం అమెరికా వ్యవసాయ శాఖ గ్రాంటు ఇస్తుందా, ఇస్తే ఎంత అన్నది చాలావరకు ఈ అంకెను బట్టే ఉంటుంది. అందుకే దీని మీద ఇన్ని వాదనలు.

అపోహ: సెన్సస్ బ్యూరో (అమెరికా జనగణన సంస్థ) ప్రతి కౌంటీకీ ఏటా సర్వే అంకె ఇస్తుంది, గ్రాఫ్ గీసుకుంటే సరి.

వాస్తవం: ఆ సంస్థ చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది. దేశం మొత్తానికి అది పెద్ద శాంపులే, కానీ చిన్న కౌంటీ వాటాకు వచ్చేవి కాసిని ఇళ్లు. అందుకే 65,000 జనాభా దాటిన చోట్లకే ఏడాది అంకె ఇస్తారు. మిగతావాటికి ఐదేళ్ల జవాబులన్నీ ఒకచోట కలిపిన అంచనా వస్తుంది. 2019-23 అంచనా 2023 నాటి ఆదాయం కాదు, ఆ ఐదేళ్లదీ. 2018-22కీ 2019-23కీ నాలుగేళ్లు ఉమ్మడి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి "ఈ ఏడాది పెరిగింది" అంటే, చాలావరకు అవే ఫారాలను రెండుసార్లు చదివినట్టు. పోల్చాలంటే 2014-18ని 2019-23తో పోల్చాలి.

అపోహ: అప్పుడు 40,000 డాలర్లు, ఇప్పుడు 47,000. అంటే ఏడు వేలు పెరిగినట్టేగా?

వాస్తవం: నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే, కాబట్టి లెక్క మొత్తం వేసి చూపిస్తాను (అంకెలు ఉదాహరణకే). 2014-18 అంచనా 2018 డాలర్లలో, అంటే ఆ ఏటి ధరల లెక్కలో ఉంటుంది, 2019-23ది 2023 డాలర్లలో. ఈ మధ్యలో వినియోగదారుల ధరల సూచీ సుమారు 21 శాతం పెరిగింది. అంటే పాత 40,000 ఇప్పటి లెక్కలో దాదాపు 48,500. ఏడు వేల పెరుగుదల కాస్తా పదిహేను వందల తగ్గుదల అయింది.

అయ్యో, తగ్గిందా అని టెన్షన్ పడకండి, ఇంకో మెట్టు ఉంది. ప్రతి అంచనా పక్కనా 90 శాతం నమ్మకంతో లెక్కగట్టిన లోపం హద్దు, అంటే అసలు అంకె ఎంత అటూఇటూగా ఉండొచ్చో ఇస్తారు. పాతదానికి ±4,000 అనుకుందాం. దాన్నీ అదే 21 శాతం పెంచాలి (చాలామంది మరిచిపోయేది ఇక్కడే), 4,850 అవుతుంది. కొత్తదానికి ±4,500. రెంటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే సుమారు 6,600. తేడా 1,500, హద్దు 6,600. కాబట్టి పెరిగిందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం. పల్లె కౌంటీల్లో తరచుగా వచ్చే జవాబు ఇదే. రిపోర్టు అడిగినవాళ్లకు ఇది నచ్చదు, కానీ నేను రిపోర్టులో అదే రాస్తాను.

ఇందులో మరో చిక్కు: ఆ సూచీ పట్టణ వినియోగదారులది. మెట్రోలకు దూరంగా ఉన్న పల్లె జనం అందులో లేరు. అయినా దాన్నే వాడతాం, ఏళ్ల తరబడి వరుసగా దొరికేది అదే కాబట్టి.

అపోహ: ఇదంతా ఎందుకు, ‘సైపీ’ (SAIPE, చిన్న ప్రాంతాల ఆదాయం, పేదరికం మీద సెన్సస్ బ్యూరో ఇచ్చే అంచనాలు) ఏటా ప్రతి కౌంటీకీ అంకె ఇస్తుందిగా.

వాస్తవం: ఇస్తుంది, నేనూ వాడతాను. కానీ అది నేరుగా ఇళ్లను అడిగి తెచ్చింది కాదు. సర్వేకు ఆదాయపు పన్ను రిటర్నులు, ఫుడ్ స్టాంపుల (పేదలకు ఇచ్చే ఆహార సాయం) లెక్కల వంటివి జోడించి మోడల్‌తో తీసింది. శాంపుల్ ఎంత చిన్నదైతే అంకె అంతగా మోడల్ వైపు ఒరుగుతుంది. పైగా 2005 నుంచి దాని కింది సర్వేనే మారింది. అంతకుముందు వేరే సర్వే ఆధారం. ఆ ఏడాది గ్రాఫులో మెట్టు కనిపిస్తే కౌంటీలో ఏం జరిగిందో వెతకడానికి ముందు ఇది గుర్తు తెచ్చుకోండి. సైపీ అంకెనూ ఐదేళ్ల అంచనానూ ఒకే గీతలో కలపడం మాత్రం పనికిరాదు.

అపోహ: తలసరి ఆదాయం చూసినా ఒకటే.

వాస్తవం: కాదు. తలసరి అంటే సగటు, నలుగురు పెద్ద రైతులకు పంట కలిసొస్తే చాలు, పైకి లేస్తుంది. కౌంటీలో జైలు కట్టారనుకోండి, ఖైదీలు జనాభాలో చేరతారు కాబట్టి తలసరి పడిపోతుంది. వాళ్లు ఏ ఇంట్లోనూ లెక్కకు రారు కాబట్టి మీడియన్ కుటుంబ ఆదాయం కదలదు. మన దగ్గర రంగారెడ్డి ముందుందని వార్తల్లో వచ్చే జిల్లా తలసరి ఆదాయం ఇంకో రకం: అది జిల్లాలో జరిగిన ఉత్పత్తిని తలలతో భాగించినది.

అపోహ: మీడియన్ పెరిగితే అక్కడివాళ్లు బాగుపడ్డట్టే.

వాస్తవం: ఉత్తర డకోటాలో బాకెన్ అనే చమురు క్షేత్రంలో పని కోసం వచ్చిపడిన కార్మికుల ఇళ్లూ లెక్కలోకి వస్తాయి. పాతవాళ్ల జీతం రూపాయి పెరగకపోయినా మీడియన్ పెరగొచ్చు.

అపోహ: కౌంటీ కోడ్ (ఒక్కో కౌంటీని గుర్తించడానికి ఇచ్చే నంబరు) ఎప్పటికీ ఒకటే, దాంతో ఫైళ్లు కలిపేయొచ్చు.

వాస్తవం: ఓగ్లాలా లకోటా 2015 దాకా షానన్ కౌంటీ. పేరుతోపాటు కోడ్ కూడా 46113 నుంచి 46102కి మారింది. కోడ్ మీద ఫైళ్లు కలిపితే ఒక కౌంటీ మాయమై, కొత్తదొకటి పుట్టినట్టు కనిపిస్తుంది. ఇది కోడ్ సరిచేస్తే పోయే సమస్య. వర్జీనియాలో 2013లో బెడ్‌ఫర్డ్ నగరం చుట్టూ ఉన్న కౌంటీలో కలిసిపోయింది, అక్కడ కోడ్ సరిచేసినా చాలదు. రెండు పాత మీడియన్ల సగటు తీస్తే కలిపిన ప్రాంతపు మీడియన్ రాదు. ఆదాయ శ్రేణుల వారీగా ఇళ్ల సంఖ్యలున్న పట్టికలు తీసి, రెండు చోట్లవీ కూడి, మీడియన్ మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టాలి.