చలిగాలిలోంచి వేడిని తోడే పంపు

ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపల పెట్టిన పాలలో, కూరగాయల్లో ఉన్న వేడిని లాగి తెచ్చి అక్కడ పారబోస్తోందన్నమాట. ఇప్పుడు ఆ ఫ్రిజ్ తలుపు తీసేసి, దాని నోరు వీధివైపు, వీపు గదివైపు ఉండేలా గోడలో బిగించారనుకోండి. వీధినంతా చల్లబరచాలని అది నానా తంటాలూ పడుతుంది. వీధి చల్లబడేదేమీ ఉండదు గానీ గది మాత్రం వెచ్చబడుతుంది. హీట్ పంప్ చేసే పని ఇదే.

బయట మైనస్ 20 డిగ్రీలుంటే అక్కడ తోడడానికి వేడెక్కడిది? ఈ ప్రశ్న అడగనివారుండరు. సున్నా డిగ్రీలన్నది నీరు గడ్డకట్టే చోట మనం గీసుకున్న గీత మాత్రమే. వేడి నిజంగా నిండుకునేది మైనస్ 273 దగ్గర. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే మైనస్ 20 గాలి 253వ మెట్టు మీద ఉంటుంది, 20 డిగ్రీల గది 293వ మెట్టు మీద. రెంటికీ మధ్య ఉన్నవి నలభై మెట్లే.

ఆ వేడిని పట్టాలంటే అంతకన్నా చల్లనిది కావాలి. యంత్రంలో ఒకసారి ద్రవంగా, ఒకసారి ఆవిరిగా తిరిగే రిఫ్రిజిరెంట్ పని అది. కొత్త యంత్రాల్లో వాడుతున్న ప్రొపేన్‌నే తీసుకోండి, మామూలు గాలి పీడనంలో మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది. దానికి మైనస్ 20 గాలి పొయ్యి సెగతో సమానం! బయటి కాయిల్‌లో ఆ సెగ తగిలి ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమేస్తే, గట్టిగా కొట్టిన సైకిల్ పంపు అడుగు కాలినట్టు, అదీ వేడెక్కుతుంది. ఇంట్లోకి వచ్చి మళ్లీ ద్రవమవుతూ తెచ్చిన వేడంతా దించేస్తుంది. సన్నని వాల్వు దాటగానే పీడనం పడిపోయి, చల్లబడి, మళ్లీ బయటికి పోతుంది.

నీరు పల్లమెరుగు అంటాం. వేడి సంగతీ అంతే, దానంతటది ఎగువకు పోదు, ఎక్కించాలి. మామూలు హీటర్ ఒక యూనిట్ కరెంటు తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ కరెంటుతో వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని ఎత్తుతుంది. అందుకే అదే యూనిట్‌కు రెండో మూడో యూనిట్ల వేడి దించగలదు. ఎన్ని అన్నది బావి లోతును బట్టి, అంటే బయటికీ ఇంటికీ మధ్య ఉన్న మెట్లను బట్టి ఉంటుంది. బయట 7 డిగ్రీలుండి ఇంట్లో గదిని వెచ్చబరిచే గొట్టాల్లో 35 డిగ్రీల నీళ్లు చాలనుకుంటే, ఏ యంత్రమూ దాటలేని హద్దు ఒకటికి పదకొండు. బయట మైనస్ 15 అయితే ఆరు పైచిలుకు. అదే చలిలో 55 డిగ్రీల నీళ్లు కావాలంటే అయిదు కూడా లేదు. నిజం యంత్రాలు అందులో సగం అందుకుంటే గొప్ప.

ఈ ఊహ 1852 నాటిది. విలియం థామ్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని కాగితం మీద వివరించాడు. తర్వాత ఆయనే లార్డ్ కెల్విన్ అయ్యాడు, మనం ఇందాక మెట్లు లెక్కపెట్టిన కొలబద్ద ఆయన పేరు మీదే ఉంది. 1938లో స్విట్జర్లండ్‌లోని జూరిక్ నగర సభామందిరాన్ని వెచ్చబరచడానికి పెట్టిన హీట్ పంప్, పక్కనే పారే లిమ్మాట్ నది నీటి నుంచి వేడి తోడుకునేది. తెలివైన ఎంపిక. గాలి ఎంత గడ్డకట్టించేలా ఉన్నా, పారే నీరు సున్నాకు దిగువకు పోదు. అంటే బావి ఎప్పుడూ లోతు తక్కువే. గాలిని నమ్ముకున్న యంత్రానికి ఆ భాగ్యం లేదు.

పైగా చలి పెరిగేకొద్దీ రిఫ్రిజిరెంట్ ఆవిరి పలచబడుతుంది. కంప్రెసర్ ప్రతి గుక్కకూ తక్కువ సరుకు అందుతుంది, ఇంటికేమో అప్పుడే ఎక్కువ వేడి కావాలి. పాత యంత్రాలు చేతులెత్తేసింది ఇక్కడే. వేగం పెంచుకోగల ఇన్వర్టర్ కంప్రెసర్లు, మధ్యలో కొంత ఆవిరిని అదనంగా ఎక్కించే పద్ధతి వచ్చాక పరిస్థితి మారింది. ఐరోపాలో ఇంటింటా ఇవి ఎక్కువగా కనిపించేది నార్వే, స్వీడన్, ఫిన్లండ్‌లలోనే. చలిదేశాల్లో పనికిరావన్న మాటకు ఇంతకన్నా జవాబేం కావాలి?

అసలు చికాకు గడ్డకట్టే చలి కాదు, 2 డిగ్రీల ముసురు. ఘనపు మీటరు గాలిలో అప్పుడు అయిదున్నర గ్రాముల దాకా తేమ ఉండగలదు. మైనస్ 15లో గ్రామున్నర మించదు. కాయిల్ గాలికన్నా చల్లన కాబట్టి ఆ తేమంతా దాని రేకుల మధ్య నూగు మంచులా పేరుకుంటుంది, గాలికి దారి మూసుకుపోతుంది. అప్పుడు యంత్రం కాసేపు తిరగబడుతుంది. లోపల వాల్వు టక్కుమంటుంది, బయటి ఫ్యాన్ ఆగిపోతుంది, ఇంట్లోంచి కొంచెం వేడి తీసుకుని తన కాయిల్‌నే కాచుకుంటుంది. ఔట్‌డోర్ యూనిట్ మీదుగా తెల్లని ఆవిరి లేస్తుంది. తెలియనివాళ్లు పొగనుకుని మెకానిక్కుకు ఫోన్ చేస్తారు. కొద్ది నిమిషాల్లో మళ్లీ మామూలే.

నన్నడిగితే, యంత్రాన్ని తిట్టేముందు కిటికీ సందులు చూసుకోవాలి. వేడి కారిపోయే ఇంటికి ఎంత తోడినా ఓటికుండే. బాయిలర్ కాలం నాటి రేడియేటర్లకు, అంటే వేడినీళ్లు తిరుగుతూ గదిని కాచే పలకలకు, 70 డిగ్రీల నీళ్లు అలవాటు. పెద్ద రేడియేటర్లో, నేల కింద గొట్టాలో ఉంటే 35 నుంచి 45తోనే గది వెచ్చబడుతుంది, ఎత్తాల్సిన ఎత్తు తగ్గుతుంది. రాత్రి బాగా తగ్గించేసి పొద్దున్నే ఒక్కసారిగా పెంచే అలవాటు కూడా దీనికి నప్పదు. తొందరపెడితే చాలా యంత్రాలు లోపలి హీటర్ కాయిల్‌ను కూడా ఆన్ చేసేస్తాయి, అప్పుడది ఒకటికి ఒకటే.

ఇంకొకటి, ఔట్‌డోర్ యూనిట్‌ను నేలమీద పెట్టించకండి. కరిగిన మంచు నీరై కిందికి కారుతుంది, రాత్రికి అదే పలక కట్టి అడుగు నుంచి పైకి పెరుగుతూ ఫ్యాన్ రెక్కల్ని పట్టేస్తుంది. మోకాలెత్తు స్టాండు వేయిస్తే చాలు. ఆ నీరు కారే చోటు గుమ్మం ముందు నడిచే దారి కాకుండా చూసుకోవాలి.