రసీదు కోసం ఆగిన లారీలు

ఒంగోలు లాయర్‌పేటలో ఉండే మా చిన్నాన్న కూతురు ఇంటి నుంచే పని చేస్తుంది. ఆఫీసు సర్వర్ ఉన్నది అమెరికాలో, న్యూజెర్సీలో. భవనాల డ్రాయింగులు గీసి, రోజూ రాత్రి వీపీఎన్ మీదుగా, అంటే ఇంటర్నెట్‌లోనే ఆఫీసు దాకా వేసుకున్న రహస్య సొరంగం మీదుగా, ఆ సర్వర్‌కు ఎక్కించాలి. 1 జీబీ ఫైలు ఎక్కడానికి గంట దాటుతోంది. 100 ఎంబీపీఎస్ ప్లాను చాలడం లేదేమోనని 300కి మారింది. బిల్లు పెరిగింది, ఫైలుకు మాత్రం అదే గంట. "స్పీడ్ టెస్ట్ పెడితే అప్‌లోడ్ కూడా 300 చూపిస్తోంది. ఫైలు దగ్గరికి వచ్చేసరికి 2 దాటడం లేదు. ఏందన్నా ఇది?" అని ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నన్ను పట్టుకున్నది ఆ 2 అన్న అంకె. ప్లాను 100 ఉన్నప్పుడూ 2, 300 అయ్యాకా 2. లైను మూడింతలు పెరిగినా కదలని అంకె ఉందంటే, ఆలస్యానికి కారణం లైను కాదు. ఇంకెక్కడో ఎవరో ఎవరి కోసమో ఎదురుచూస్తున్నారు.

చీమకుర్తి క్వారీ నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ రాళ్లు తోలుతున్నారనుకుందాం. క్వారీ యజమాని ఒక షరతు పెట్టాడు: రోడ్డు మీద ఒకసారికి 10 లారీలకు మించి ఉండకూడదు. రేవులో రాయి దిగినట్టు రసీదు వెనక్కి వస్తేనే పదకొండో లారీ కదలాలి. ఇప్పుడు హైవేని ఎన్ని వరసలకు వెడల్పు చేసినా రోజుకు చేరే రాళ్లు పెరగవు. వాటిని నిర్ణయించేవి రెండే: ఒకేసారి ఎన్ని లారీలు వదులుతున్నారు, రసీదు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోంది.

ఫైళ్లు మోసే టీసీపీ పద్ధతి కూడా ఇలాగే నడుస్తుంది. పంపిన డేటా అందిందని అవతలి కంప్యూటర్ రసీదు పంపాలి. రసీదు రాకముందు ఎంత డేటా దారిలో ఉండొచ్చన్న హద్దును విండో అంటారు. 1981లో టీసీపీ ప్రమాణం రాసినప్పుడు ఈ విండోకు 16 బిట్ల చోటు ఇచ్చారు. అందులో పట్టే పెద్ద అంకె 65,535. అంటే 64 కిలోబైట్లు. ఆనాటి లైన్లకు అది ధారాళంగా సరిపోయింది. దూరాలు, వేగాలు పెరిగాక చాలక, 1992లో విండోను ఎన్నో రెట్లు పెంచుకునే ఏర్పాటు చేశారు. ఇవాళ్టి కంప్యూటర్లన్నీ దాన్ని వాడతాయి. అయినా ఆ 64 కేబీ హద్దు పాత సాఫ్ట్‌వేర్లలో ఇంకా దాక్కుని ఉంది. విండోస్ ఫైల్ షేరింగ్ నడిపే ఎస్ఎంబీ పాత రూపం కూడా ఫైలును దాదాపు అంతేసి ముక్కలుగా అడిగి, ఒక్కో ముక్కకు జవాబు కోసం ఆగేది. 2006లో విండోస్ విస్టాతో వచ్చిన ఎస్ఎంబీ 2 పెద్ద ముక్కల్ని, వరసగా ఆగకుండా పంపడం మొదలుపెట్టింది.

మా చెల్లెల్ని సర్వర్‌కు పింగ్ కొట్టమన్నాను, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడమన్నాను. వెళ్లి రావడానికి 250 మిల్లీసెకన్లు. ఇక లెక్క కాగితం మీదే తేలిపోతుంది. సెకనుకు 4 సార్లు, సారికి 65,535 బైట్లు. బైటుకు 8 బిట్లు కాబట్టి మొత్తం సెకనుకు 21 లక్షల బిట్లు, అంటే 2.1 ఎంబీపీఎస్. 1 జీబీ ఎక్కడానికి 64 నిమిషాలు. ఆమె చెప్పిన గంట అదే. ఇదే సర్వర్ చెన్నైలో ఉండి పింగ్ 10 మిల్లీసెకన్లే అయితే, అదే సాఫ్ట్‌వేర్‌తో 50 ఎంబీపీఎస్ దాటేది. అందుకే ఒకే ఆఫీసులో దగ్గరివాళ్లకు బాగుండి, దూరం వాళ్లకు నత్తనడక అవుతుంది. దూరం వాళ్లు చెప్పేది ఎవరూ నమ్మరు, అదే నాకు బాధ.

ఆ 250ని బాగా తగ్గించలేమా? గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. మన తీరం నుంచి న్యూజెర్సీ 13 వేల కిలోమీటర్ల పైనే. ఏ మలుపూ లేని తీగ వేసినా వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు ఖాయం. అసలు తీగలు సముద్రాల కింద చుట్టు తిరిగి పోతాయి. ఏ ప్లాను కొన్నా ఈ దూరం తగ్గదు.

పాత సాఫ్ట్‌వేర్‌లోని ఆ 64 కేబీ హద్దే కారణమన్న అనుమానం నిజమో కాదో తేల్చడానికి ఐదు ఫైళ్లు ఒకేసారి పంపి చూడమన్నాను. ఒక్కోటీ 2 చొప్పున, మొత్తం 10 దాకా వచ్చింది. రోడ్డు ఖాళీగానే ఉందని, లారీలే తక్కువని రుజువైంది. ఐదూ కలిసి కూడా 2 దగ్గరే ఆగి ఉంటే వీపీఎన్ సొరంగాన్ని అనుమానించాల్సి వచ్చేది. వీపీఎన్‌ను టీసీపీ మీద నడిపితే, లోపలి టీసీపీ, బయటి టీసీపీ రెండూ దారిలో పోయిన ప్యాకెట్లను (డేటా ముక్కలను) మళ్లీ మళ్లీ పంపుతూ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడతాయి. సెట్టింగుల్లో యూడీపీ (రసీదు కోసం ఆగని పద్ధతి) ఉంటే అదే పెట్టుకోవాలి.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. సైటు ఫోటోలు, ఒక ఫోల్డర్‌లో 4,000 చిన్న ఫైళ్లు. సైజు చూస్తే ఏమంత లేదు. కానీ ఒక్కో ఫైలుకూ తెరువు, డేటా రాసుకో, తేదీ పెట్టు, మూసెయ్ అంటూ కనీసం నాలుగైదు ప్రశ్నలు, జవాబులు. ఐదనుకుంటే, 4,000 ఫైళ్లకు 20,000 రాకపోకలు. ఒక్కోటి పావు సెకను. ఉత్తి ఎదురుచూపులకే 83 నిమిషాలు! మొత్తం జిప్ చేసి ఒకే ఫైలుగా పంపితే ఆ ఎదురుచూపులు దాదాపు పోతాయి.

వీపీఎన్ నెమ్మదిస్తే చాలామంది ముందు ఎన్‌క్రిప్షన్‌ను, అంటే డేటాను రహస్య లిపిలోకి మార్చే పనిని, తిట్టుకుంటారు. కొన్నేళ్లుగా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఆ పనికి ప్రత్యేక సూచనలే ఉన్నాయి కాబట్టి అక్కడ పెద్దగా బరువు పడదు. చవక రౌటర్ మీద వీపీఎన్ నడిపితే మాత్రం అది నిజంగా ఉక్కిరిబిక్కిరి అవుతుంది. వైఫైలో ప్యాకెట్లు పోవడం కూడా దూరపు లైన్ల మీద చాలా దెబ్బ తీస్తుంది. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉందనుకుని టీసీపీ వేగం తగ్గించుకుంటుంది. ఆ జాగ్రత్త నేర్పింది ఒక చేదు అనుభవం. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కూ పక్కనే 400 గజాల దూరంలో ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య, సెకనుకు 32 వేల బిట్లు నడిచే లైను 40 బిట్లకు పడిపోయింది. దాని మీద పనిచేసిన వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పద్ధతే ఇప్పటి టీసీపీ నడవడికకు పునాది.

దూరం లేకపోయినా ఫైలు ఆగే సందర్భం ఒకటుంది. నెల్లూరు దర్గామిట్టలో ఉండే ఒక మిత్రుడు చెన్నై హెడ్డాఫీసు లెక్కలు చూస్తాడు. పింగ్ 10 మిల్లీసెకన్లే. లాగిన్ అవుతుంది, ఫోల్డర్లు కనిపిస్తాయి, చిన్న ఫైళ్లు తెరుచుకుంటాయి. పెద్ద ఎక్సెల్ తెరిస్తే మాత్రం అలా తిరుగుతూనే ఉంటుంది. నెల్లూరులో రైలు పట్టాల కింద అండర్‌బ్రిడ్జిలను గుర్తు చేసుకోండి. బైకులు, ఆటోలు హాయిగా దూరిపోతాయి, ఎత్తు లోడు లారీ మాత్రం ఇరుక్కుంటుంది. ప్యాకెట్‌కూ అలాంటి ఎత్తు హద్దు ఉంది, దాని పేరు ఎంటీయూ. మామూలుగా అది 1,500 బైట్లు. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌నూ ఇంకో కవరులో పెడుతుంది, ఆ కవరే కొన్ని పదుల బైట్లు తింటుంది. ఇంటి లైను పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి) అయితే ఇంకో 8 బైట్లు పోతాయి. పట్టని ప్యాకెట్ వస్తే "సైజు తగ్గించు" అని దారిలోని రౌటర్ కబురు పంపాలి. ఆ కబురు ఐసీఎంపీ అనే రకానిది. భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తాన్ని ఫైర్‌వాల్‌లో మూసేసే ఆఫీసులున్నాయి. అప్పుడు పంపేవాడికి ఏమీ తెలియదు, అదే సైజు ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాడు. రక్షణ కోసమే అయినా, ఆ ఒక్క కబురునూ ఆపడం పొరపాటని నా గట్టి అభిప్రాయం.

ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో మిత్రుడు సైజు మార్చి మార్చి పింగ్ కొట్టాడు. 1,472 బైట్లకి జవాబు లేదు. 1,400కి లేదు. 1,372కి వచ్చింది, 1,373కి రాలేదు. పింగ్ తలకట్టు (హెడర్) 28 బైట్లు కలిపితే సరిగ్గా 1,400. వీపీఎన్ అడాప్టర్ ఎంటీయూని 1,400కి దించాడు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే ఇంతకు మించి పంపొద్దని టీసీపీ అవతలి సర్వర్‌కు చెప్పుకుంటుంది కాబట్టి, అటు నుంచి వచ్చేవి కూడా చిన్నవయ్యాయి. ఎక్సెల్ వెంటనే తెరుచుకుంది. ఫైర్‌వాల్‌లో ఆ కబురును వదలమని హెడ్డాఫీసుకు మెయిల్ రాశాడు. ఇంకా జవాబు రాలేదు, ప్రస్తుతానికి 1,400తోనే నడుపుకుంటున్నాడు.