లాభానికి పూచీ ఎవరిది? ఐటీ గవర్నెన్స్‌పై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కంపెనీలకు ఐటీ ఆడిట్లు, గవర్నెన్స్ సమీక్షలు చేయడం నా వృత్తి. జీడిమెట్లలో ఫ్యాక్టరీ అయినా, సహకార బ్యాంకు అయినా మొదటి సమావేశంలో నేను అడిగేది ఒకటే: "ఈ సిస్టమ్ కొన్నందుకు రావాల్సిన ప్రయోజనానికి పూచీ ఎవరిదండీ?" దాదాపు ప్రతిచోటా అందరి చూపూ ఐటీ హెడ్ మీదికి పోతుంది. సర్వర్లు బాగానే నడుస్తున్నాయని, బ్యాకప్‌లు రోజూ తీస్తున్నామని ఆయన చెబుతారు. నేనడిగింది అది కాదు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల కంపెనీల డబ్బూ, మంచి ఉద్యోగుల శ్రమా వృథా అవడం ఏళ్లుగా చూస్తున్నాను. ఎక్కువగా వినిపించే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఐటీ గవర్నెన్స్ ఐటీ డిపార్ట్‌మెంట్ పని.

వాస్తవం: ఐటీని నడపడం డిపార్ట్‌మెంట్ పని. అది ఎటు నడవాలో, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో, ఆ ఖర్చుకు ఏం రావాలో తేల్చడం యాజమాన్యం పని. 2008లో వచ్చిన ఐఎస్ఓ/ఐఈసీ 38500 అనే అంతర్జాతీయ ప్రమాణం నేరుగా సంస్థను నడిపించే బోర్డు స్థాయి వాళ్లను ఉద్దేశించి రాసినది. వాళ్లకు అది అప్పట్లో మూడు పనులు అప్పగించింది: పరిస్థితిని బేరీజు వేయాలి, దిశ చూపాలి, అనుకున్నట్టు జరుగుతోందో లేదో గమనిస్తూ ఉండాలి. ఐటీ ఆడిటర్ల అంతర్జాతీయ సంఘమైన ఐసాకా, ఆడిటర్ల కోసమని 1996లో తెచ్చిన కోబిట్ అనే మార్గదర్శకాల సంపుటి కూడా క్రమంగా ఇదే దారికి వచ్చింది. దాని 2019 వెర్షన్‌లో మొత్తం 40 లక్ష్యాలున్నాయి. వాటిలో 35 మేనేజ్‌మెంట్‌కు సంబంధించినవి, 5 మాత్రమే గవర్నెన్స్‌వి. ఆ అయిదూ బోర్డు చేతిలో ఉండాల్సినవి. ప్రయోజనం అందుతోందా అన్నది వాటిలో ఒకటి.

వాణిజ్య బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంక్ దీన్ని నిబంధనగానే చేసింది. 2023 నవంబర్‌లో ఐటీ గవర్నెన్స్‌పై మాస్టర్ డైరెక్షన్ (తప్పక పాటించాల్సిన సమగ్ర ఆదేశం) ఇచ్చింది. అది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం బోర్డు స్థాయిలో ఐటీ స్ట్రాటజీ కమిటీ ఉండాలి, అది కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి, దానికి ఐటీ తెలిసిన ఇండిపెండెంట్ డైరెక్టర్ అధ్యక్షత వహించాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే నిబంధన ఇంకొకటుంది: సమాచార భద్రత చూసే అధికారి నేరుగా ఐటీ హెడ్ కింద పనిచేయకూడదు. గడువులోపు యాప్ విడుదల చేయాలన్న ఒత్తిడి ఐటీ హెడ్ మీద ఉంటుంది. "ఇందులో లోపముంది, ఆపండి" అని చెప్పాల్సిన మనిషి అప్రైజల్ కూడా ఆయన చేతిలోనే ఉంటే ఆ మాట ఎప్పుడు బయటికొస్తుంది? బ్యాంకు కాకపోయినా ఈ ఒక్క నియమాన్ని పాటించమని నేను ప్రతి కంపెనీకీ చెబుతాను.

అపోహ: గో-లైవ్ అయిందంటే, అంటే కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చిందంటే, ప్రాజెక్టు సఫలమైనట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే. మందులు పంపిణీ చేసే ఒక కంపెనీకి, కొత్త ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) మొదలైన ఆరు నెలలకు సమీక్ష కోసం వెళ్లాను. గో-లైవ్ రోజున కేక్ కోసిన ఫొటో ఇంకా నోటీసు బోర్డు మీదే ఉంది. గోడౌన్‌లో చూస్తే స్టాకు లెక్క పాత నోటు పుస్తకంలోనే నడుస్తోంది. సాయంత్రం ఒక కుర్రాడు కూర్చుని దాన్నంతా సిస్టమ్‌లో ఎక్కిస్తున్నాడు. ఉన్న పనికి ఇంకో పని తోడైందన్నమాట. స్టోర్స్ చూసే పెద్దాయనను అడిగితే, "అది ఐటోళ్ల ప్రాజెక్టు సార్. మాకు రెండు రోజులు ట్రెయినింగ్ ఇచ్చిండ్రు, అంతే" అన్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఆ ఈఆర్‌పీ ఎందుకు కొన్నారో బోర్డుకు ఇచ్చిన నోట్‌లో స్పష్టంగానే ఉంది: గడువు తీరి పారేయాల్సిన మందుల నష్టం తగ్గించడానికి. కానీ ఆ వాక్యం పక్కన ఎవరి పేరూ లేదు. నష్టం అప్పటికి ఎంతుందో కూడా రాయలేదు. మేం చేసిందల్లా రెండు పనులు. అప్పటిదాకా నెలనెలా పారేసిన సరుకు విలువను లెక్కగట్టాం. ఆ అంకె పక్కన స్టోర్స్ పెద్దాయన పేరు, కొనుగోళ్ల హెడ్ పేరు రాయించాం. నెలకోసారి ఆ అంకెను ఎండీ ముందు పెట్టడం మొదలైంది. అప్పుడు పెద్దాయనే వచ్చి, బ్యాచ్ నంబరు స్కాన్ చేసే స్క్రీన్‌లో ఏం మార్చాలో చెప్పారు. ముందు గడువు తీరే సరుకు ముందు బయటికి పోవాలన్న నియమం సిస్టమ్‌లోకి ఎక్కింది. నోటు పుస్తకం పోయింది. సాఫ్ట్‌వేర్‌కు అదనంగా పెట్టిన ఖర్చు చాలా తక్కువ.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ మన నగరంలోనే ఉంది. 1999 చివర్లో ట్విన్స్ పేరుతో జంట నగరాల్లో ప్రయోగంగా మొదలై, 2001లో ఈ-సేవగా విస్తరించిన కేంద్రాలు గుర్తున్నాయా? అంతకుముందు కరెంటు బిల్లుకు ఒక క్యూ, నీళ్ల బిల్లుకు ఒకటి, ఇంటి పన్నుకు ఇంకొకటి. ఈ-సేవలో ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా అన్నీ కట్టేయగలిగేవాళ్లం. తమ పేరున వచ్చే డబ్బు వేరొకరి కౌంటర్లో కట్టించుకోవడానికి ఇన్ని శాఖలు ఒప్పుకోవడం, వసూలైన సొమ్ము ఎవరి ఖాతాకు ఎలా చేరాలో ముందే తేల్చుకోవడం అసలైన కష్టం. కంప్యూటర్లు ఆ ఒప్పందానికి పనికొచ్చాయి. ఒప్పందం లేకుండా అవే కంప్యూటర్లు పెట్టి ఉంటే జనం మూడు క్యూల్లోనే నిలబడేవారు.

అపోహ: బడ్జెట్ పెంచితే ఫలితం పెరుగుతుంది.

వాస్తవం: పెరగాలని ఏమీ లేదు. ఐటీ ప్రాజెక్టులను ఎంపిక చేసి పర్యవేక్షించే స్టీరింగ్ కమిటీ సమావేశాల మినిట్స్ చదివేటప్పుడు నేను మొదట వెతికేది, గత ఏడాదిలో ఏ ప్రాజెక్టునైనా ఆపేశారా అని. మొదలుపెట్టినవన్నీ కొనసాగుతున్నాయంటే అక్కడ ఎంపిక జరగడం లేదనే నా అనుమానం. అవసరం తీరిపోయిన పనిని ఆపడం కూడా విలువ సృష్టించడమే. ఆ డబ్బూ, ఆ మనుషులూ ఇంకో పనికి దొరుకుతారు.

అపోహ: వెండర్‌కు (సేవలందించే బయటి సంస్థకు) అప్పగించాం, ఇక రిస్కు వాళ్లదే.

వాస్తవం: 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ పంపిన ఒక లోపభూయిష్ట అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నిలిపేసింది. ఆ రోజు శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. చాలామంది దాన్ని చూసి నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ కౌంటర్‌లోని ఉద్యోగి మీద గౌరవం కలిగింది. సిస్టమ్ లేనప్పుడు పని ఎలా సాగించాలో అక్కడ ఒక పద్ధతి ఉంది, విమానం ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు.

అయితే ఆ ఘటనలో సమీక్షకులంతా గమనించాల్సిన సంగతి వేరే ఉంది. కొత్త వెర్షన్‌ను వెంటనే తీసుకోకుండా ఒక అడుగు వెనక ఉండే వీలు కస్టమర్లకు ఉంది. కానీ ఆ రోజు వచ్చిన రకం ఫైళ్లకు ఆ సెట్టింగ్ వర్తించలేదు. తమ కంప్యూటర్లలోకి ఎవరి అనుమతితో ఏం వస్తోందో చాలా సంస్థలకు ఆ రోజే తెలిసింది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న అది. ఇక నియంత్రణ సంస్థ ముందు జవాబు చెప్పుకోవాల్సింది ఎప్పుడూ మనమే. 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకు ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వకుండా రిజర్వ్ బ్యాంక్ ఆపినప్పుడు చూపిన లోపాల్లో వెండర్ రిస్కు నిర్వహణ ఒకటి. ఆ ఆంక్షలు తొలగడానికి 2025 ఫిబ్రవరి దాకా పట్టింది. ఐటీలో లోపం వ్యాపారాన్నే ఎలా ఆపేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంది, ఆడిట్ పాసయ్యాం, కాబట్టి గవర్నెన్స్ ఉన్నట్టే.

వాస్తవం: హైదరాబాద్‌లో ఈ వృత్తిలో ఉన్నవాళ్లు 2009 జనవరి 7ను మరచిపోలేరు. సత్యం కంప్యూటర్స్ కంపెనీ లెక్కల మోసం బయటపడిన రోజది. అంతకు కొన్ని నెలల ముందే, 2008లో, ఆ కంపెనీ కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. నకిలీ ఇన్‌వాయిస్‌లు కంపెనీ సొంత ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లోనే తయారయ్యాయని, మామూలు యూజర్లకు కనిపించకుండా వాటిని దాచారని దర్యాప్తులో తేలింది. అప్పటినుంచి నేను ఏ కంపెనీకి వెళ్లినా పాలసీ పుస్తకం కన్నా ముందు అడ్మిన్ హక్కులున్న యూజర్ ఐడీల జాబితా అడుగుతాను. ఒక్కొక్క ఐడీ ఎవరిది, దాన్ని ఎవరు మంజూరు చేశారు, వాళ్లు చేసిన మార్పులను ఎవరు చూస్తున్నారు అన్న మూడింటికీ జవాబు రావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలని, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదని చట్టమే చెబుతోంది. ఆ లాగ్‌ను చదివే మనిషిని మాత్రం మనమే పెట్టుకోవాలి.

అపోహ: ఇదంతా పెద్ద కంపెనీలకు.

వాస్తవం: రాణిగంజ్‌లో పంపులు, వాల్వులు అమ్మే ఒక షాపు యజమాని నాతో అన్నారు, "మాకేం గవర్నెన్సన్నా, ఉన్నదే ఆరుగురం." ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధర మార్చే హక్కు ఆరుగురికీ ఉంది, పాస్‌వర్డ్ ఒక్కటే. ఎవరు ఎవరికి ఎంత తగ్గించి ఇచ్చారో తెలియక ప్రతి నెలాఖరుకూ గొడవ. ఆ రోజే ఆరు వేరువేరు ఐడీలు చేశాం. ధర మార్చే హక్కు ఆయనకూ, వాళ్ల తమ్ముడికీ మాత్రమే ఉంచాం. కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలంటే దేనికోసం, ఏం తగ్గాలి, ఎప్పటికి, ఎవరు చూసుకుంటారు అని నాలుగు వరుసలు రాసుకోమన్నాను. ఆయన దాన్ని గల్లాపెట్టె మూత లోపల అంటించుకున్నారు. పోయిన నెల వెళ్తే వాట్సాప్ ఆర్డర్ల యాప్ అమ్మడానికి వచ్చిన కుర్రాడికి ఆ కాగితమే చూపించి, నాలుగో వరుసలో ఎవరి పేరు రాయాలా అని తమ్ముడితో మాట్లాడుతున్నారు.