టెంకలో తల్లి వాటా

వేసవిలో విశాఖ రైతుబజార్లకు సువర్ణరేఖ వస్తుంది. ఉత్తరాంధ్రలో దాన్నే సుందరి అనీ అంటారు. ఎర్రటి బుగ్గలున్న ఆ పండు తిని మా నాయనమ్మ టెంకను గోపాలపట్నం పెరట్లో పాతింది. చెట్టు ఏపుగా పెరిగింది. కాయలు మాత్రం పుల్లగా, పీచుగా వచ్చాయి. నేల మంచిది కాదేమోనని ఆమె చాలాకాలం బాధపడింది. తప్పు నేలది కాదు. ఏ చెట్టు పుప్పొడో వచ్చి ఆ గింజలో కలిసింది.

లేత గింజలో మూడు రకాల కణజాలం ఉంటుంది. పిండంలో తల్లికీ తండ్రికీ చెరో వాటా. పిండానికి ఆహారమిచ్చే అంకురచ్ఛదంలో తల్లివి రెండు వాటాలు, తండ్రిది ఒకటి. పుప్పొడిలోని రెండు మగ కణాల్లో ఒకటి పిండానికి, ఒకటి అంకురచ్ఛదానికి వాటా ఇస్తుంది. ఈ ద్విఫలదీకరణను రష్యా శాస్త్రవేత్త నవాషిన్ 1898లో గుర్తించారు. వీటి చుట్టూ ఉండే న్యూసెల్లస్ పొర మాత్రం పూర్తిగా తల్లిదే.

నాకు ఈ పొర మీదే మమకారం. దీని నుంచి మొక్క తెస్తే అది తల్లికి నకలే. ల్యాబ్‌లో ఆ పని ఇలా చేస్తారు. లేత కాయను క్రిములు లేకుండా శుభ్రం చేసి కోస్తారు. పిండాన్ని తీసేసి, ఆ పొరను సీసాలో చక్కెర, లవణాలు, విటమిన్లు ఉన్న ఆహారం మీద పెడతారు. అందులో రవ్వంత టూ ఫోర్ డి కలుపుతారు. వరి రైతులు కలుపు మందుగా కొట్టేది ఇదే! ఎక్కువైతే మొక్కను చంపే ఆ మందు, అతి తక్కువ మోతాదులో కణాల చేత పాత పని మాన్పించి, పిండాలుగా మారే దారి పట్టిస్తుంది. తర్వాత మందు లేని ఆహారంలోకి మారిస్తే, తండ్రి లేని పిండాలు పెరుగుతాయి.

మామిడితో అసలు టెన్షన్ మరోచోట ఉంది. కోసిన ముక్క నుంచి ఊరే ఫీనాల్ పదార్థాలు ఆహారాన్ని నల్లబరిచి కణాలనే చంపేస్తాయి. పదేపదే కొత్త సీసాలోకి మార్చాలి. పైగా ఇలా పుట్టిన మొక్క తల్లికి నకలే అయినా వయసులో పసిది, కాపుకు ఏళ్లు పడుతుంది. అంటు మొక్కకు కట్టేది కాపు కాసే చెట్టు కొమ్మ కాబట్టి అది త్వరగా కాస్తుంది. అందుకే మామిడి రైతు ఇప్పటికీ అంటునే నమ్ముకున్నాడు.

నారింజ జాతిలో అంకురచ్ఛదం నుంచీ మొక్కలు తెచ్చారు. మామూలు కణంలో 18 క్రోమోజోములైతే వీటిలో 27. ఆ మూడు సెట్ల క్రోమోజోములు సమంగా విడిపోలేవు, గింజలు దాదాపు కట్టవు.

ల్యాబ్‌లో ఇంత కష్టపడి చేసే పనిని నిమ్మ తనంతట తానే చేస్తుంది. ఒక్క గింజను కుండీలో వేసి చూడండి. చాలాసార్లు రెండు మూడు మొలకలు లేస్తాయి. వాటిలో ఒకటి తల్లీతండ్రీ కలిసిన బిడ్డ కావచ్చు, మిగిలినవి న్యూసెల్లస్ నుంచి వచ్చిన తల్లి నకళ్లు. కేరళ వైపు ఒలూరు మామిడికీ ఈ గుణం ఉంది. సువర్ణరేఖ టెంకలో ఉండేది ఒకే పిండం. నాయనమ్మ పాతిపెట్టింది దాన్నే.