పారిజాతం పెంపకంలో అపోహలు – వాస్తవాలు

భాద్రపదం నుంచి మార్గశిరం దాకా, చలి ముదిరేకొద్దీ పెరటినంతా పరిమళంతో నింపే పారిజాతం, మన వైపు పగడమల్లె అని కూడా పిలిచే ఈ మొక్క, మొండిది. నర్సరీకి వచ్చి "ఆకే గాని పువ్వు లేదండీ" అని బాధపడేవారి మొక్కకు సాధారణంగా ఏ జబ్బూ ఉండదు.

అపోహ: రాత్రి పూసే మొక్కకు ఎండతో పని లేదు.
వాస్తవం: పువ్వు విచ్చుకునేది చీకటి పడ్డాకే అయినా మొగ్గ కట్టడానికి కావలసిన బలం ఎండ నుంచే రావాలి. రోజుకు ఐదారు గంటలైనా నేరుగా ఎండ తగలని మొక్క సన్నగా పైకి సాగిపోతుంది. దానికి యూరియా వేస్తే ఆకు ఇంకా గుబురవుతుందే తప్ప మొగ్గ రాదు.

అపోహ: కొమ్మలు కత్తిరిస్తే పూత పోతుంది.
వాస్తవం: కత్తిరింపు వల్ల నష్టం లేదు, అదను తప్పితేనే నష్టం. పూలు కొత్త చిగుళ్ల కొసల్లోనే వస్తాయి కనుక, పూత ముగిసి, రూపాయి బిళ్లల్లాంటి చదునైన కాయలు ఎండిన తరువాత, ఫిబ్రవరిలో కొమ్మలను మూడోవంతు తగ్గిస్తే వానలకు చిగుళ్లు విరివిగా వస్తాయి. ఒక ఏడాది నేను పని ఒత్తిడిలో శ్రావణంలో కత్తిరించాను. ఆ కార్తికంలో చెట్టు కింద దోసెడు పూలైనా రాలలేదు.

అపోహ: వేసవికి ముందు ఆకు రాలితే మొక్క చచ్చినట్టే.
వాస్తవం: అది దాని స్వభావం. కంగారుపడి రోజూ బిందెలకొద్దీ నీళ్లు పోసేవారే వేరు కుళ్లబెట్టి మొక్కను పోగొట్టుకుంటున్నారు. నలుపలకగా ఉండే లేతకొమ్మను గోటితో గీరి, లోపల పచ్చగా ఉంటే ఆగండి.

అపోహ: పారిజాతం మహావృక్షమై ఇంటి గోడలను పగలగొడుతుంది.
వాస్తవం: ఉత్తరప్రదేశ్‌లోని కింతూరులో పారిజాతమని పూజలందుకుంటున్న పెద్ద మాను నిజానికి బావోబాబ్ అనే ఆఫ్రికా చెట్టు జాతిది. మన పారిజాతం 30 అడుగులు దాటడం అరుదు. అడుగున రంధ్రాలున్న 18 అంగుళాల తొట్టెలోనూ పూస్తుంది.

తెల్లవారేసరికి పూలు రాలడం తెగులు కాదు. నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదనే నియమం నుంచి మన పెద్దలు పారిజాతాన్ని మినహాయించారు. రాత్రి పడుకునే ముందు చెట్టు కింద పాత నూలుచీర పరిస్తే, నారింజ రంగు కాడల మీద మంచు ఆరకముందే పూలన్నీ శుభ్రంగా సజ్జలోకి చేరతాయి.