మామ్మకి తొంభై చాలు

పర్లాకిమిడిలో మా మామ్మ యాభై ఏళ్లు అడ్డపొగ తాగింది. అంటే చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టి పీల్చడం. శ్రీకాకుళం పల్లెల నుంచి మా ఒడిశా వైపు దాకా పాతతరం ఆడవాళ్లకు అదొక అలవాటు. చివరికి సీఓపీడీ (ఊపిరితిత్తులు పాడై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక జబ్బు) వచ్చింది, ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ పెట్టాల్సొచ్చింది. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ 88 నుంచి 92 శాతం మధ్య చూపిస్తే చాలన్నారు డాక్టరు. మా అత్తకి ఆ మాట మింగుడుపడలేదు. "తొంభయ్యేటి? ఎదురింటాయనకి తొంభై ఎనిమిదొస్తోంది కదా!" అని ఎవరూ చూడనప్పుడు ఫ్లో పెంచేసేది. మర్నాడు పొద్దున్న మామ్మ తలనొప్పి అంది. మధ్యాహ్నానికి పిలిస్తే కళ్లు తెరవలేదు. వేలి మీద మాత్రం 98.

అత్తను ఏమనగలం? ఆక్సిజన్ తగ్గితే ప్రాణం పోతుందని కోవిడ్ అందరికీ నేర్పింది. ఎక్కువైతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

తక్కువ సంగతి ముందు చూద్దాం. మాకు దగ్గర్లోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం మీద గాలిలోనూ ఆక్సిజన్ వాటా 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి సముద్రపు ఒడ్డు కన్నా ఆరోవంతు తక్కువ. అయినా ఆరోగ్యవంతుడి ఆక్సీమీటర్ అంకె పెద్దగా కదలదు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 100 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) నుంచి 60కి పడినా, ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ దాదాపు 90 శాతం నిండే ఉంటుంది. అక్కణ్ణుంచి కిందికి మాత్రం జారుడుబల్లే. గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, మెదడు మందగిస్తుంది. ముందు పోయేది వివేచన. అందుకే కొందరు తూలుతూ కూడా "నాకేం కాలేదు" అంటారు.

పైవైపు ఆక్సీమీటర్ గుడ్డిది. జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి 1974లో కనిపెట్టిన పద్ధతి అది: ఎరుపు, పరారుణ కాంతిని వేలిగుండా పంపి హిమోగ్లోబిన్ ఎంత నిండిందో కొలుస్తుంది. నిండిన బిందె ఇంకెంత నిండుతుంది? రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 150 ఉన్నా 500 ఉన్నా అంకె వంద దగ్గరే ఆగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ అసలు దాని లెక్కలోనే లేదు. మామ్మను పడగొట్టింది అదే.

పాడైన ఊపిరితిత్తుల్లో గాలాడని మూలలకు రక్తం వృథాగా పోకుండా అక్కడి నాళాలు ముడుచుకుంటాయి. ఆక్సిజన్ కుమ్మరిస్తే అవి తెరుచుకుంటాయి. రక్తం ఆ మూలలకు వెళ్లి, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించుకోకుండానే తిరిగొస్తుంది. పైగా ఆక్సిజన్‌తో నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను సరిగా మోయలేదు. అది రక్తంలో పేరుకుంటే ముందు తలనొప్పి, తర్వాత మత్తు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లో ఆక్సిజన్ ఎక్కువగా ఇవ్వడాన్నీ, కొలిచి ఇవ్వడాన్నీ పోల్చి చూశారు, 2010లో ఫలితాలు వెలువడ్డాయి. సీఓపీడీ రోగులకు 88–92 దాటకుండా ఇస్తే మరణాలు బాగా తగ్గాయి. నెలలు నిండని పసికందుల కథ ఇంకా ఘోరం. 1940, 50ల్లో ప్రాణం నిలబెట్టాలని ఇచ్చిన ఆక్సిజనే వేలమందికి చూపు తీసేసింది.

ఆసుపత్రిలో మాస్కుతో ఊపిరి పట్టించాక మామ్మ తేరుకుంది. ఇప్పుడు మెషిన్ నాబ్ మీద ప్లాస్టర్ అంటించి ఉంది, అది అత్త అంటించిందే. మామ్మ మాత్రం ముక్కులో ట్యూబు పెట్టుకునే చుట్ట అడుగుతోంది. ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమంటుంది, అందుకే అగ్గిపెట్టెలన్నీ పక్కింట్లో దాచాం.