చేపపిల్లల కోసం గాజు కాలిబాట

అమెరికాలోని సియాటిల్ నగరంలో సముద్రపు ఒడ్డున కట్టిన కొత్త గోడ వెంబడి నడిచేటప్పుడు ఓసారి కాళ్ల కిందికి చూడాలి. కాలిబాటలో వరసగా గాజుదిమ్మలు పొదిగి ఉంటాయి. అడుగున నీళ్లలో ఈదే సాల్మన్ చేపపిల్లలకు వెలుతురు అందాలని పెట్టినవి అవి.

సాల్మన్ పుట్టేది నదిలో, పెరిగేది సముద్రంలో. అక్కడ సముద్రంలో కలిసే డువామిష్ నదిలోంచి బయటపడ్డ వేలెడంత పిల్లలు ఒడ్డునే పట్టుకుని, లోతులేని నీళ్లలో మేసుకుంటూ సాగుతాయి. అక్కడైతే మేత దొరుకుతుంది, పెద్ద చేపల నోట పడే భయమూ తక్కువ. నగరం ఆ ఒడ్డునే నిటారు గోడ చేసి, నీళ్లపైకి రేవు కట్టడాలు చాచింది. వాటి కింది చీకట్లోకి ఈ పిల్లలు వెళ్లడం లేదని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. నీడ అంచు దాకా వచ్చి ఆగిపోతాయి. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి చీకటి గదిలోకి అడుగుపెడితే మనకూ కాసేపు కళ్లు కనబడవు కదా! దారి తప్పి లోతుకు వెళ్తే ప్రాణానికే ముప్పు.

1916, 1934 మధ్య కట్టిన పాత గోడ లోపలి చెక్కను గ్రిబుల్ అనే బుల్లి సముద్రజీవులు తొలిచేశాయి. 2001 భూకంపం దాన్ని ఇంకా బలహీనపరిచింది. కొత్త గోడ ఎలాగూ తప్పదు. 2013లో మొదలై 2017లో పూర్తయిన ఆ పనిలో ఇంజనీర్ల పక్కన జీవశాస్త్రజ్ఞులూ కూర్చున్నారు. నాకు బాగా నచ్చింది ఇదే.

గోడ నునుపుగా ఉంటే ఏమవుతుందో చిన్న లెక్కలో చూద్దాం. అక్కడ ఆటుకీ పోటుకీ తేడా సుమారు మూడున్నర మీటర్లు. పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలు ఒడ్డయితే నాచుకూ నత్తలకూ పీతలకూ దాదాపు 35 మీటర్ల వెడల్పున చోటు దొరుకుతుంది. అదే నిటారు గోడకు మూడున్నర మీటర్లే! పైగా ఆటు సమయంలో తడి నిలిచే గుంట లేదు, తలదాచుకునే పగులూ లేదు. అందుకే కొత్త గోడ పలకలను గరుకుగా, గాడులతో, అరుగుల్లాంటి అంచులతో పోతపోశారు. గోడ మొదట్లో రాళ్లు నింపిన వల సంచులు పరిచి నేలను ఎత్తు చేశారు. రాళ్ల సందుల్లో నాచు, నాచులో రొయ్యజాతి పురుగులు, ఆ పురుగులే సాల్మన్ పిల్లలకు మేత.

సముద్రంలో ఏది పడేసినా చేపలు చేరతాయనుకోవడం మాత్రం పొరపాటు. 1970ల్లో ఫ్లోరిడా తీరాన కృత్రిమ దిబ్బ పేరుతో దాదాపు ఇరవై లక్షల పాత టైర్లు ముంచారు. కట్లు తెగిపోయి, తుఫానులకు అవి కొట్టుకుపోయి పక్కనున్న అసలైన పగడపు దిబ్బలనే రాపాడేశాయి. గరుకు గోడను చూపించి మడ అడవినో బురదనేలనో కొట్టేస్తామంటే కూడా ఒప్పుకోకూడదు. గోడ తప్పనిసరైన చోటే ఈ ఉపాయం.

సియాటిల్‌లో గోడ కట్టాక మళ్లీ లెక్కలు తీశారు. గాజు కింద సాల్మన్ పిల్లలు మునుపటికన్నా బాగా తిరుగుతున్నాయి, మేస్తున్నాయి. ఆ వెలుతురు పట్టీ దాటి, గాజు లేని రేవు కట్టడాల కింద చీకటి ఇంకా అలాగే ఉంది.